అప్‌డేట్ పేరుతో, కీబోర్డులో ఉన్న మీట కూడా పీకేశారు

రాత్రికి రాత్రే ఫోన్‌లో తెలుగు కీబోర్డు తనంతట తానే అప్‌డేట్ అయిపోయింది. అడిగింది లేదు, చెప్పింది లేదు. అంకెల కోసం పై వరుసను నొక్కిపట్టుకుంటే సరిపోయేది, ఇప్పుడు వేరే పేజీకి వెళ్లాలి. సరే, ఇదైనా సర్దుకుపోవచ్చు. అసలు కడుపు మండేది ఎక్కడంటే, పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే మీట ఒకటి ఉంటుంది కదా, యూనికోడ్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, కంటికి కనపడదు గానీ పని అంతా దానిదే, దాన్ని పూర్తిగా తీసేశారు! అది లేకపోతే సాఫ్ట్‌వేర్ కాస్తా సాఫ్ట్వేర్ అయి ఒత్తుల కింద ఒత్తులు వేలాడతాయి, బస్‌స్టాండ్ బస్స్టాండ్ అవుతుంది. ఇంగ్లిష్ మాట ఒక్కటీ లేకుండా ఇవాళ తెలుగులో మెసేజ్ పెట్టేవాళ్లు ఎంతమంది? తెలుగులో రోజూ రాసే మనిషిని ఒక్కరిని అడిగినా ఆ మీట జోలికి వెళ్లేవాళ్లు కాదు. స్టిక్కర్లకు మాత్రం ఎంత పెద్ద బటన్ పెట్టారో.

సెట్టింగ్స్ అంతా గాలించినా పాత లేఅవుట్ అనే ఆప్షనే లేదు. ఇప్పుడు ఆ గుర్తును నోట్స్‌లో దాచుకుని, కావలసినప్పుడల్లా కాపీ చేసి అతికిస్తున్నాను, ఒక్క వాక్యానికి ఇంత తతంగం. రంగులు, డిజైన్లు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి, ఆ మీట మాత్రం తిరిగి పెట్టండి.