మహారాజశ్రీ సంతకం గారికి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నుంచి ఒక అర్జీదారుడు రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా,

మీరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే దొరలని మా తాతల కాలం నుంచి నమ్ముతున్నాం. 1948 చట్టంతో జమీందారీ ఎస్టేట్లు పోయాయి గానీ ఆ నమ్మకం పోలేదు. ఇంతకీ మీ పెద్దరికం ఎంతో చూద్దామని ఆరా తీశాను. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, పెద్ద పెద్ద చోట్ల మీ మాట చెల్లడం లేదండీ.

లండన్‌లో చార్లెస్ రాజుగారినే చూడండి. పార్లమెంటు బిల్లు పాసు చేసి పంపితే ఆమోదించడమే ఆయన పని. కాదన్న చివరి మనిషి ఆన్ రాణి, అదీ 1708లో. అప్పటికి మా కోట ఇంకా పుట్టనే లేదు. స్వీడన్ వాళ్లైతే మొహమాటపడకుండా 1975 నుంచి చట్టాల మీద రాజుగారి సంతకమే తీసేశారు. బెల్జియం సంగతి ఇంకా బాగుంటుంది. 1990లో గర్భస్రావ చట్టం మీద సంతకం పెట్టడానికి తన మనస్సాక్షి ఒప్పుకోదన్నారు బౌదువాన్ రాజు. మంత్రులు కంగారు పడలేదు. రాజుగారు రాజ్యం చేసే స్థితిలో లేరని ప్రకటించి, తామే సంతకాలు పెట్టేసుకున్నారు. ఆ వెంటనే పార్లమెంటు కూర్చుని ఆయన్ని మళ్లీ రాజును చేసింది! మనస్సాక్షికి సెలవు చీటీ ఇచ్చిన దేశం ఇంకోటి ఉందా?

రాజుల్లేని చోటైనా మీ పరపతి పెరిగిందా అంటే, ఢిల్లీలోనూ అదే కథ. రాష్ట్రపతి బిల్లును ఒకసారి తిప్పి పంపగలరు. పార్లమెంటు మళ్లీ పాసు చేస్తే ఆమోదించి తీరాలి. మా పైడితల్లి జాతరలో సిరిమాను మీద ఎత్తుగా కూర్చున్న పూజారికి ఊరంతా దండం పెడుతుంది, బండి ఎటు కదలాలో కింద తాళ్లు పట్టినవాళ్లు చూసుకుంటారు. రాజైనా రాష్ట్రపతైనా ఆ ఎత్తులోనే ఉన్నారు. అమెరికాలో మాత్రం మీకు కాస్త విలువుంది. అక్కడ అధ్యక్షుడు వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి దాన్ని దాటడానికి.

తేడా అంతా మిమ్మల్ని పెట్టే చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గరే. రాజుగారి చెయ్యి పుట్టుకతో వస్తుంది, సాధారణంగా కాటికే పోతుంది. రాష్ట్రపతికి అయిదేళ్ల గడువు, పైన అభిశంసన భయం. మా వైపు ఉదాహరణే ఉంది కదా. వి.వి.గిరిగారిని 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు పంపాం, 1957లో పార్వతీపురంలో ఓడించాం, 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. పార్వతీపురంలో ఓడిపోయే భాగ్యం ఏ రాజుకైనా దక్కుతుందా? ఇక 2025లో మా కోట వారసులు అశోక్ గజపతిరాజుగారు గోవా గవర్నరయ్యారు. ఆ పదవి వంశం వల్లా రాలేదు, ఓట్ల వల్లా రాలేదు. రాష్ట్రపతి సంతకంతో వచ్చింది. అందుకు మీకు అభినందనలు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1986లో పోస్టల్ బిల్లు మీద అప్పటి రాష్ట్రపతి జైల్‌సింగ్‌గారు సంతకమూ పెట్టలేదు, తిప్పీ పంపలేదు. అలా దగ్గరే ఉంచేసుకున్నారు. రాజ్యాంగంలో గడువు రాయలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. దాన్ని పాకెట్ వీటో అన్నారు, పెద్ద వార్తయింది. మా ఊళ్లో ఒక ఆఫీసులో (పేరెందుకు లెండి) నా ఆదాయ ధ్రువపత్రం మీద ఆ వీటో రోజూ నడుస్తోంది, పేపర్లో ఒక్క ముక్క రాలేదు. "సారు క్యాంపుకెళ్లారు." "ఫైలు పైకెళ్లింది." "రేపు రండి." చార్లెస్ గారికి లేని అధికారం, బౌదువాన్ గారు సింహాసనం దిగినా దొరకని అధికారం, ఇక్కడ మీకు చిన్న గదిలో ఫ్యాను కింద దొరికింది. మంత్రివర్గం సలహాలు ఇక్కడ పనిచేయవు. సభలో మెజారిటీ ఎంతుంటే మాత్రం మిమ్మల్నెవరు దాటగలరు?

సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వస్తున్నాను. మీ మీద అర్జీ పెడితే రసీదు ఇస్తారట. ఆ రసీదు మీద కూడా మీరే ఉండాలట.

ఇట్లు,
ఒక విధేయ పౌరుడు
(కింద సంతకం పెట్టడం లేదు, మన్నించాలి)