ఉప్పు చేతికివ్వరు, తుపాకీ ఇస్తారు

మా దొడ్డమ్మ ఉప్పు ఎవరి చేతికీ ఇవ్వదు. గిన్నె బల్ల మీద పెడుతుంది, కావలసినవాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే గొడవలొస్తాయట. ఖాళీ కత్తెర ఆడించినా అంతే. చిన్నప్పుడు నేను కత్తెర పట్టుకుని గాల్లో నాలుగుసార్లు టకటకలాడిస్తే, ఆ సాయంత్రం పెద్దవాళ్ల మధ్య జరిగిన పొలం గట్టు తగాదాకి కారణం నేనేనని తేల్చేశారు. ఇంత నియమనిష్ఠలున్న ఇంటి పెద్ద, అంటే మా పెదనాన్న, దసరా వెళ్లిన వారానికి బెజవాడలో ఒక తుపాకుల షాపుకెళ్లి, జంట గొట్టాల తుపాకీని మూతి అవతలి మనిషి బొడ్డుకి ఆనేలా అందించి "చూడు నాయనా" అన్నాడు.

అందుకని తుపాకుల షాపు కౌంటర్ దగ్గర మన పెద్దమనుషులు పాటించే మర్యాదల్ని ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ముందు తరాల కోసం నేను పూనుకుంటున్నాను.

తుపాకీ చూడటమంటే బీసెంట్ రోడ్డులో చీర చూడటమే, వేరే విద్యేం కాదు. లైసెన్స్ ఒక్కడికి, వెంట నలుగురు. షాపాయన తుపాకీ తీసి, తెరిచి, లోపలికి చూసి, చాలదన్నట్టు చిటికెన వేలు కూడా పెట్టి చూసి, తెరిచిందాన్ని తెరిచినట్టే కౌంటర్ మీద పెడతాడు. తెరిచి ఇచ్చాడంటే మూయమనేగా. ఠక్కున మూయాలి, చప్పుడు వీధిలోకి వినపడాలి. రివాల్వరైతే చక్రం బయటికి లాగి, గిర్రున తిప్పి, మణికట్టు ఒక్క విదుపు విదిపి మూయాలి. అలా మూస్తే చక్రాన్ని పట్టుకునే కాడ వంగిపోతుందని షాపాయన లోపల్లోపల ఏడుస్తాడు, ఏడవనివ్వండి. తర్వాత గురి. గోడ మీద దుర్గమ్మ క్యాలెండర్ ఉంటుంది, దానికి పెట్టలేం, కళ్లు పోతాయి. ఫ్యాన్‌కి పెడితే మెడ పడుతుంది. ఇక మిగిలింది టీ తెచ్చిన కుర్రాడు.

వేలు ట్రిగ్గర్ మీద ఉండాలా, బయట పక్కగా చాచి ఉంచాలా అని చర్చ పెట్టేవాళ్లున్నారు. ట్రిగ్గర్ చుట్టూ కమ్మీ కట్టి లోపల వేలు పట్టేంత చోటు వదిలారంటే పెట్టుకోమనే కదా అర్థం. పెట్టాక ఊరుకోకూడదు, అడక్కుండా రెండుసార్లు టిక్కు టిక్కుమనిపించాలి. పాత జంట గొట్టాల తుపాకుల్ని అలా ఖాళీగా కొడుతుంటే లోపలి పిన్ను దెబ్బతింటుందట, అందుకే బొమ్మ తూటాలు పెట్టి నొక్కమంటారు. ఖాళీ కత్తెరకి లేచిన దొడ్డమ్మ ఖాళీ తుపాకీకి ఎందుకు లేవదో ఈసారి అడగాలి.

చట్టం వైపు నుంచి లోటేం లేదు. 1959 ఆయుధాల చట్టముంది, 2016 నిబంధనలున్నాయి. బెజవాడలోనైతే పోలీస్ కమిషనర్, కమిషనరేట్ లేనిచోట కలెక్టర్ లైసెన్స్ ఇస్తారు. ఇచ్చేముందు పోలీసులు విచారణకొస్తారు, డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, తుపాకీ క్షేమంగా పట్టుకోవడం నేర్చుకున్నట్టు కాగితం కూడా కావాలి. పెదనాన్న లైసెన్స్ ఈ నిబంధనల కంటే చాలా పాతది కనక ఆయనకి పుట్టుకతోనే అన్నీ వచ్చినట్టు లెక్క. 2019 సవరణతో మనిషికి మూడు తుపాకుల దాకా ఉన్న పరిమితిని రెండుకి తగ్గించినప్పుడు, ఉన్నది ఒక్కటే అయినా, ఆయన రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అసలు ఈ ఊళ్లో ఇలా జరగడమే వింత. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసింది మన ఇంద్రకీలాద్రి మీదే అంటాం. శివుడంతటివాడు బోయవాడి వేషంలో దిగి, కుస్తీ పట్టి, మనిషిని అన్ని విధాలా పరీక్షించి, ఎవరిమీద పడితే వాళ్లమీద వేయొద్దని చెప్పి మరీ ఇచ్చాడు. పోలీసు విచారణకి ముత్తాత అది. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మిచెట్టెక్కించారు, ఎవరూ ముట్టుకోకుండా శవమని చెప్పారు. మనం ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేస్తున్నామే, అదే పద్ధతి, కాకపోతే జమ్మిచెట్టు రసీదు ఇవ్వలేదు. ఇక అశ్వత్థామ. అస్త్రం వదలడం వచ్చు, వెనక్కి పిలవడం రాదు. కౌంటర్ దగ్గర మనవాళ్లలో నాకు అర్జునులు తక్కువగా, ఈయన ఎక్కువగా కనపడ్డారు.

మళ్లీ షాపులోకి వద్దాం. షాపాయనకి అరవై దాటి ఉంటాయి, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. గొట్టాల మూతి బొడ్డు దగ్గరికి రాగానే ఒక అడుగు పక్కకి జరిగి, మాట్లాడకుండా అరచేత్తో వాటిని గోడకి ఆనించిన ఇసుక బస్తా వైపు తిప్పాడు.

"ఖాళీదేనా అండి?"

"ఖాళీదే. ముప్పై ఏళ్లుగా నా దగ్గరున్నది, నాకు తెలీదా?"

ఆయన బొటనవేలితో పైనున్న మీట పక్కకి నెట్టాడు. గొట్టాలు కిందికి వంగాయి. ఎడమ గొట్టంలోంచి వెలుతురు కనపడింది. కుడి దాంట్లోంచి కనపడలేదు, ఇత్తడి బిళ్ల కనపడింది, ఇంచుమించు రూపాయి బిళ్లంత, మధ్యలో చిన్న గుండ్రం, దానిమీద దెబ్బ పడిన గుర్తు లేదు, అంటే ఇంకా పేలనిదే. గోళ్లతో పట్టి లాగాడు. ఎర్ర ప్లాస్టిక్ తూటా, రంగు వెలిసి గులాబీలోకి దిగింది. కౌంటర్ గాజు మీద పెడితే దొర్లుకుంటూ వెళ్లి లైసెన్స్ పుస్తకానికి తగిలి ఆగింది.

ఎవరూ మాట్లాడలేదు. పెదనాన్న కాసేపు దానివైపు ఎవరో చుట్టాన్ని గుర్తుపట్టినట్టు చూసి, "కిందటేడు మొక్కజొన్నకి పందులొచ్చినప్పటిది" అన్నాడు.

నేను మనసులో వెనక్కి లెక్కపెట్టుకున్నాను. ఉండవల్లి సెంటర్ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటేదాకా కారులో అది ఆయన ఒళ్లో, మూతి నా డొక్క వైపు, దారిలో ఎన్ని గతుకులో. అంతకు ముందు ఆయుధపూజ. తుపాకీకి పసుపు రాసి, గొట్టానికి బొట్టు పెట్టి, ఎదురుగా నిలబడి హారతిచ్చింది దొడ్డమ్మ. తుపాకీ దెబ్బకు దొరకడు అంటాం చూశారా, మా ఇంటిల్లిపాదీ ఏడాదిగా దొరికేట్టుగానే తిరుగుతున్నాం.

షాపాయన రెండు గొట్టాల్లోంచీ వెలుతురు చూసి, తెరిచిందాన్ని తెరిచినట్టే అందించి "మీరూ ఒకసారి చూసుకోండి" అన్నాడు. పెదనాన్న నొచ్చుకున్నాడు. "నువ్వు చూశాక మళ్లీ నేను చూడటమేంటి, నీమీద నమ్మకం లేకనా?" మన దగ్గర ఇదొక పెద్ద మర్యాద, ఎదుటివాడు చూశానన్నాక మళ్లీ చూస్తే అవమానించినట్టు. షాపాయన నవ్వలేదు. "నేనిచ్చిన చిల్లర లెక్కపెట్టుకోరా అండి, ఇదీ అంతే" అన్నాడు. చిల్లర మాట వినగానే పెదనాన్నకి విషయం తలకెక్కింది, ఒక కన్ను మూసి రెండు గొట్టాల్లోకీ చూశాడు, చూసి ఠక్కున మూశాడు. చప్పుడు వీధిలోకి వినపడింది.

అడిగినన్ని కొత్త తూటాలు లెక్కపెట్టి, లైసెన్స్‌లో రాసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నారు. ఇక డబ్బు. పెదనాన్న కుడి చంకలో తుపాకీ ఉంది కాబట్టి ఎడం చేత్తో జేబులోంచి నోట్లు తీసి, ఆ చేత్తోనే చాచాడు.

అంతసేపూ తుపాకీ అటూ ఇటూ తిరుగుతున్నా కిక్కురుమనని జనం ఒక్కసారిగా నోరు విప్పారు. "అయ్యో, ఎడం చేత్తోనా పెద్దాయనా!" అన్నారు వెనక నిలబడ్డ ఇద్దరు. టీ కుర్రాడు కూడా నాలిక కరుచుకున్నాడు. పెదనాన్న సిగ్గుపడిపోయాడు. గబగబా నోట్లు కుడి చేతిలోకి, తుపాకీ ఎడం చేతిలోకి మార్చాడు. ఆ మార్చడంలో గొట్టాలు ఆ ఇద్దరి మీదుగా, టీ కుర్రాడి మీదుగా, నా మీదుగా షాపంతా ఒక చుట్టు చుట్టి కౌంటర్ వైపు వచ్చి ఆగాయి.

"ఏమనుకోకు నాయనా, పొరపాటైంది" అని కుడి చేత్తో నోట్లు అందించాడు.

అందుకోవడానికి షాపాయన లేడు. కౌంటర్ కింద ఉన్నాడు.