వాళ్ళని ఏ పేపర్లో పెట్టాలి?

విద్యార్థి: మేడమ్, పోస్ట్‌కలోనియల్ పేపర్లో, అదే వలసపాలన చూసిన దేశాల సాహిత్యం పేపర్లో, చివరి యూనిట్‌గా మూలవాసీ రచయితలని కలిపేస్తామంటున్నారు, నాకైతే నచ్చలేదు. నైజీరియా నుంచి బ్రిటిషువాళ్ళు 1960లో వెళ్ళిపోయారు, సరే. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలాండ్‌లలో వచ్చినవాళ్ళు ఎక్కడికీ పోలేదే, అక్కడే కూర్చుని చట్టాలు చేస్తున్నారు.

మేడమ్: పోకపోతే ఏమైంది? జెండా దించినంత మాత్రాన దోపిడీ ఆగదని చెప్పే పేపరే కదా ఇది. ఇందులో చదవకపోతే ఇంకెక్కడ చదువుతావు, ఆంత్రోపాలజీలోనా?

విద్యార్థి: 1989లో వచ్చిన 'ది ఎంపైర్ రైట్స్ బ్యాక్' అనే విమర్శ పుస్తకం ఈ సబ్జెక్టుకి దాదాపు పునాది, అందులో ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ తెల్లవాళ్ళ సాహిత్యం కూడా పోస్ట్‌కలోనియలే. అంటే భూమి లాక్కున్నవాడి మనవడూ పోగొట్టుకున్నవాడి మనవరాలూ ఒకే బెంచీ మీద, ఇద్దరూ లండన్ బాధితులే!

మేడమ్: అది లోపమే, కాదనను. కానీ న్యూజీలాండ్ మూలవాసులైన మావోరీల రచయిత్రి పాట్రీషియా గ్రేస్ రాసిన నవల 'పొటికి' (1986) తీసుకో. సముద్రం ఒడ్డున మావోరీల భూమి కావాలని డెవలపర్లు వస్తారు, వీళ్ళు ఇవ్వమంటారు, శ్మశానం నీట మునుగుతుంది, సభాగృహం తగలబడుతుంది. నవల చివర మావోరీ మాటలకి అనువాదం లేదు, వెనక పదకోశమూ లేదు. ఇంగ్లీషు వదిలేసి తన మాతృభాష గికూయూలో నవలలు రాసిన కెన్యా రచయిత న్గూగీ పక్కన పెట్టి చదివితే ఆవిడ తెగువ ఇంకా బాగా తెలుస్తుంది.

విద్యార్థి: అదే నవల మొదట్లో చెక్కడం పనివాడు పూర్వీకుల బొమ్మలు చెక్కుతూ, ఇంకా ఎవరో తెలియని ఒకరి కోసం కాస్త చోటు ఖాళీగా వదిలేస్తాడు చూడండి. వంశంలో ఎవరు ఎక్కడ నిలబడాలన్న ఆ లెక్క తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఉన్నదే. మన పేపర్లోకి రాగానే అదంతా పోయి 'సామ్రాజ్యానికి జవాబు' అనే పది మార్కుల ప్రశ్న మిగులుతుంది.

మేడమ్: జవాబు లేదంటావా? బ్రిటిష్ బిరుదుని 1987లో తిరిగిచ్చేసిన ఆస్ట్రేలియా మూలవాసీ కవయిత్రి ఊడ్జెరూ నూనక్కల్ సంగతేంటి? తెల్లవాళ్ళు వచ్చి 200 ఏళ్ళయిందని మరుసటి ఏడు పండగ చేయబోతున్నారని, కాథ్ వాకర్ అన్న తన పాత పేరు కూడా వదిలేసింది.

విద్యార్థి: ఉంది, కానీ ఆవిడ అంతేనా? వేరే పేపరు పెట్టండి.

మేడమ్: వేరేది పెడితే ఎలక్టివ్ అవుతుంది, నలుగురు కూడా తీసుకోరు, చివరికి ఎత్తేస్తారు. ఇలాంటివి చాలా చూశాలే.

విద్యార్థి: అయితే ఇందులోనే ఉంచండి, కానీ మొదటి యూనిట్‌గా.

మేడమ్: మరి ఆ తెల్ల రచయితలని తీసేయమంటావా?

విద్యార్థి: ఎందుకండీ, ఉండనివ్వండి. ఎవరి భూమి మీద కూర్చుని రాశారో తెలిశాక చదువుతాం.