వారసత్వపు అందానికి హారతి, చేయించుకున్న అందానికి ఎగతాళి

మళ్లీ అదే తంతు. ఒక నటి పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, ముక్కు మీద ఒక ఎర్ర బాణం, పెదవుల మీద ఇంకో ఎర్ర బాణం వేసి వదిలారు. కింద తీర్పులు మొదలు. ఉన్న అందం చెడగొట్టుకుందని ఒకరు, డబ్బు ఎక్కువైతే ఇంతేనని మరొకరు, దేవుడిచ్చిన ముఖం చాల్లేదా అని ఇంకొకరు. ఈ మూడో రకం వాళ్ల ప్రొఫైల్ ఫోటోల్లో చర్మం మీద ఒక్క మచ్చ కూడా కనిపించదు, అది వేరే సంగతి.

ఈ గోలలో కాస్త పెద్దమనిషి తరహాలో వినిపించే వాదన ఒకటుంది. కాలిన గాయాలకు ప్లాస్టిక్ సర్జరీ అంటే సరే. ప్రమాదంలో దవడ నుజ్జయితే సరే. పుట్టుకతో పెదవి చీలి ఉంటే సరే. బాగానే ఉన్న ముక్కును మార్పించుకోవడం మాత్రం సోకు, డబ్బు మదం, తన మీద తనకు నమ్మకం లేకపోవడం. అవసరానికి చేయించుకుంటే వైద్యం, అందం కోసం చేయించుకుంటే వ్యామోహం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తరచి చూస్తే ఈ గీత ఎక్కడా నిలవదు. ఈ వైద్యం పుట్టిన నాటి నుంచీ నిలవలేదు.

ప్లాస్టిక్ సర్జరీ కథ ముక్కుతోనే మొదలవుతుంది. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి కట్టే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. ఎంత చర్మం కావాలో ముందు ఒక ఆకుతో కొలుచుకోవాలని కూడా అందులో చెప్పారు. 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ కావస్‌జీ అనే అతని కథ అచ్చువేసింది. ఆంగ్లేయుల సైన్యం దగ్గర ఎడ్లు తోలే మనిషి. టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కితే ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. తర్వాత నుదుటి చర్మంతో అతనికి కొత్త ముక్కు కట్టారు. ఆ పద్ధతినే లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ 1814లో ప్రయత్నించి, 1816లో దాని మీద పుస్తకం రాశాడు. యూరప్‌లో ఈ వైద్యం మళ్లీ ఊపందుకోవడానికి అదొక ముఖ్యమైన మెట్టు.

ఇంతకీ కావస్‌జీకి ఆ కొత్త ముక్కు దేనికి? ముక్కు తెగినా ఊపిరి ఆడుతుంది. అన్నం తినొచ్చు, ఎడ్లు తోలొచ్చు. పనికి అసలు అడ్డొచ్చేది పోయిన చెయ్యి. కానీ ముక్కు కోయడమనే శిక్ష పనికి అడ్డు రావడం కోసం పుట్టింది కాదు. మనిషిని ప్రాణాలతో ఉంచి, నలుగురిలో తలెత్తుకోకుండా చేయడానికి పుట్టింది. కాబట్టి ఆ ఆపరేషన్ బాగుచేసింది ఊపిరిని కాదు, పరువును. నలుగురి చూపు వల్ల కలిగిన బాధకు చర్మంతో, కత్తితో మందు వేశారు. దీన్ని సోకు అని ఎవరైనా అంటారా? అనరు. మరి ముక్కు కాస్త పెద్దగా ఉందని చిన్నప్పటి నుంచీ పేర్లు పెట్టించుకున్న అమ్మాయి అదే చూపు నుంచి తప్పించుకోవాలనుకుంటే మాత్రం సోకు ఎలా అయింది? ఒకరికి శిక్ష రాజ్యం వేసింది, ఇంకొకరికి తరగతి గది వేసింది. అంతే తేడా.

ఈ తరగతి గది మాట ఊరికే అనలేదు. 1896లో బెర్లిన్‌లో జాక్ యోజెఫ్ అనే యువ వైద్యుడి దగ్గరకు ఒక తల్లి తన కొడుకును తీసుకొచ్చింది. పిల్లవాడి చెవులు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. తోటి పిల్లల ఎగతాళి భరించలేక బడికి వెళ్లనని మొండికేశాడు. యోజెఫ్ ఆపరేషన్ చేసి చెవులు సరిచేశాడు. అంతా బాగానే జరిగింది. పై అధికారులు మాత్రం, కేవలం రూపం కోసం కత్తి పట్టావని అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. రెండేళ్లు తిరిగేసరికి ఒక పెద్దమనిషి ముక్కును చిన్నది చేసి, ఆ కేసును బెర్లిన్ వైద్య సంఘం ముందు పెట్టాడు. ముక్కు వల్ల ఆ మనిషికి నలుగురిలోకి వెళ్లాలంటేనే దిగులుగా ఉండేదట. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ముఖాలు ఛిద్రమైన సైనికులు గుట్టలుగా వచ్చిపడ్డారు. అప్పుడు వాళ్లను బాగుచేయడానికి బెర్లిన్‌లోని షరితే ఆసుపత్రికి ఇదే యోజెఫ్ కావలసి వచ్చాడు. చెయ్యి అదే, కత్తి అదే. చెవులు సరిచేస్తే అపచారం, తూటా దెబ్బ సరిచేస్తే సేవ!

అటు ఇంగ్లండ్‌లో హెరాల్డ్ గిలీస్ అనే సర్జన్, ఆయన బృందం 1917 నుంచి సిడ్‌కప్ ఆసుపత్రిలో ఇలాంటి సైనికులు 5,000 మందికి పైగా 11,000కు మించి ఆపరేషన్లు చేశారు. ఆ ఊళ్లో కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు. వాటి మీద ముఖాలు దెబ్బతిన్న సైనికులు కూర్చుంటారని, చూసి ఉలిక్కిపడొద్దని జనానికి ముందస్తు సూచన. దేశం కోసం ముఖం పోగొట్టుకున్నవాడి ముఖాన్నే చూడలేకపోయిన సమాజం, మామూలు మనిషికి వచ్చి 'రూపంలో ఏముంది, మనసు ముఖ్యం' అని బోధిస్తుంది.

చట్టాలు కూడా ఈ విషయంలో మన నోటి మాటకన్నా నిజాయితీగా ఉన్నాయి. క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసిన మహిళలకు తిరిగి రొమ్ము నిర్మించే ఖర్చు బీమా కంపెనీలే భరించాలని అమెరికా 1998లో చట్టం చేసింది. అందులో ఒక ముఖ్యమైన మాట ఉంది. రెండూ ఒకేలా కనిపించడం కోసం రెండో రొమ్ముకు చేసే ఆపరేషన్‌కు కూడా బీమా వర్తిస్తుంది. ఆ రెండో రొమ్ముకు జబ్బేమీ లేదు. కేవలం చూడ్డానికి సమంగా ఉండాలి, అంతే. ఆ కోరికను ఎవరూ తప్పుపట్టలేదు, పట్టకూడదు కూడా. అంతెందుకు, నమలడానికి ఏ ఇబ్బందీ లేని పళ్లకు కూడా పిల్లల చేత ఏళ్ల తరబడి క్లిప్పులు పెట్టించే తల్లిదండ్రులను సోకుల రాయుళ్లని ఎవరంటున్నారు? ఆరోగ్యంగా ఉన్న శరీరాన్ని రూపం కోసం మార్చడం మనకు ఎప్పుడో అలవాటైపోయింది. నొప్పి ఎక్కడో, కుట్లు ఎన్నో అన్నదాన్ని బట్టి నీతి మారిపోతోంది.

ఇక అసలు విషయానికి వస్తాను. నన్ను బాగా కుదిపేది ఇదే. అందాన్ని పూజించడం మనం ఒక్క రోజు కూడా మానలేదు. పుట్టుకతో వచ్చిన అందానికి హారతి పడతాం. నేచురల్ బ్యూటీ అని మురిసిపోతాం. ఆ ముక్కు కోసం ఆమె చేసిందేమిటి? ఏమీ లేదు. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది. ఇంకొకామె అదే ముక్కు కోసం కూడబెట్టిన డబ్బు పోసింది, మత్తుమందు తీసుకుంది, వారాల తరబడి వాచిన ముఖంతో గదిలో కూర్చుంది. ఆమెను మాత్రం నకిలీ అంటాం. తాతల నాటి పొలం మీద కూర్చున్నవాణ్ని దొరా అని పిలిచి, అప్పు చేసి అరెకరం కొనుక్కున్నవాణ్ని ఆశపోతు అన్నట్టుంది ఈ న్యాయం. అందం అంత విలువలేనిదైతే వారసత్వంగా వచ్చినవాళ్లనూ పొగడకూడదు. విలువైనదైతే, సంపాదించుకున్నవాళ్లను తిట్టకూడదు.

విలువైనదో కాదో అనే అనుమానం కూడా అక్కర్లేదు. అమెరికా, కెనడాల్లో ఉద్యోగుల రూపాన్నీ జీతాన్నీ పోల్చి డేనియల్ హామర్‌మెష్, జెఫ్ బిడిల్ అనే ఆర్థికవేత్తలు 1994లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగటు రూపం ఉన్నవాళ్లతో పోలిస్తే, చూడ్డానికి బాగుండరని అనిపించుకున్నవాళ్లకు జీతం 5 నుంచి 10 శాతం తక్కువని అందులో తేలింది. అందగాళ్లకు దక్కే లాభం కంటే ఈ నష్టమే కాస్త ఎక్కువ. అంటే రూపం మీద లోకం నిజంగానే పన్ను వేస్తోంది. ఆ పన్ను తగ్గించుకోవడానికి ఎవరైనా ప్రయత్నిస్తే, వసూలు చేసేవాళ్లే వచ్చి సిగ్గులేదా అని అడుగుతున్నారు.

ఈ జాడ్యం ముక్కులతో, పెదవులతో ఆగేది కాదు. పుట్టుకతో వచ్చినదే అసలు, సంపాదించుకున్నది నకిలీ అనే నమ్మకం మనలో చాలా లోతుగా ఉంది. పుస్తకం ముట్టకుండానే మార్కులు వచ్చాయన్నవాడు 'బ్రెయిన్', రాత్రంతా కూర్చుని చదివినవాడు 'బట్టీ'. మాట్లాడే తీరు నేర్చుకుని మార్చుకున్నవాడిది వేషం, పెద్దింట్లో పుట్టి అలా మాట్లాడేవాడిది సంస్కారం. నిన్న మొన్న పైకొచ్చినవాడు మంచి బట్ట కడితే బడాయి, తరాలుగా ఉన్నవాడు కడితే హుందా. ప్రతిచోటా నేరం ఒక్కటే, పుట్టిన చోట ఉండకపోవడం. ఇది ఎవరికి లాభమో వేరే చెప్పాలా? అన్నీ ముందే ఉన్నవాళ్లకే. అవి కొత్తవాళ్లకూ దక్కడం మొదలైతే వాళ్ల ప్రత్యేకత ఏం కావాలి? బ్రెజిల్ సర్జన్ ఇవో పిటాంగీ ఈ సంగతి పట్టుకున్నాడు. సంపన్నులకు ముఖాలు దిద్దుతూ ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చుకున్న ఆయన, రియో డి జనీరోలోని సాంతా కాసా ఆసుపత్రిలో పేదలకూ ఆ వైద్యం అందేలా చేశాడు. పేదవాడికి ముందు తిండి కావాలి గానీ ముక్కు దేనికని ఆయన్ను విమర్శించినవాళ్లున్నారు. పేదవాడికి ఏది అవసరమో తేల్చే హక్కు కడుపు నిండినవాళ్లకు ఎవరిచ్చారో నాకైతే తెలియదు.

ఆడవాళ్ల విషయంలో ఈ న్యాయం ఇంకా వంకరగా ఉంటుంది. అందంగా ఉండి తీరాలి, దానికోసం కష్టపడినట్టు మాత్రం కనబడకూడదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. పని కుదిరిన సర్జరీని మనం గుర్తుపట్టం, 'వయసే కనిపించడం లేదు' అని మెచ్చుకుంటాం. బెడిసికొట్టినదాన్ని మాత్రం పట్టుకుని మొత్తం సర్జరీల మీద తీర్పు చెబుతాం.

అవతలి వాదనలో పస లేదనను. ఒకరు చేయించుకుంటే పక్కవాళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒకటి అయ్యాక ఇంకొకటి అని ఆగకుండా తిరిగేవాళ్లున్నారు. లేని లోపం అద్దంలో కనిపించే మానసిక సమస్య ఒకటుంది, బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. దానికి కత్తి మందు కాదు, వాళ్లను తిప్పి పంపడం సర్జన్ బాధ్యత. ప్రాణాపాయం కూడా నిజమే. పిరుదుల్లోకి కొవ్వు ఎక్కించే ఆపరేషన్‌లో మరణాలు మరీ ఎక్కువగా ఉన్నాయని సర్జన్ల సంఘాలే 2018లో హెచ్చరించాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇవన్నీ జాగ్రత్తల గురించిన మాటలు. కఠినమైన నియమాలు కావాలనడానికి ఇవి పనికొస్తాయి, చేయించుకున్న మనిషి అహంకారి అనడానికి పనికిరావు. ఫ్రాన్స్‌లో ఖర్చు వివరాలు కాగితం మీద ఇచ్చాక 15 రోజులు ఆగితేగానీ కాస్మెటిక్ సర్జరీ చేయకూడదు. ఇంగ్లండ్ 2021లో 18 ఏళ్ల లోపు వాళ్లకు అందం కోసం బొటాక్స్, ఫిల్లర్ల ఇంజెక్షన్లు ఇవ్వడాన్ని నిషేధించింది. ఇలాంటివి ఎన్ని తెచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఒత్తిడి సంగతంటారా, దాన్ని పెంచుతున్నది ముఖాలకు మార్కులు వేసేవాళ్లు. ఆ బాణాల ఫోటోలు పెట్టేవాళ్లతో మొదలుపెడదాం.

పైగా ఈ ఎగతాళి వల్ల ఎవరూ సర్జరీ మానుకోరు, చాటుగా చేయించుకుంటారు. ఇంట్లో చెప్పరు. నలుగురిని అడిగి సర్జన్‌ను ఎంచుకోరు. అర్హత ఏమిటి, మత్తు ఎవరిస్తారు, తేడా వస్తే ఎక్కడికి వెళ్లాలి అని గట్టిగా అడగడానికి మొహమాటపడతారు. ఎవరికీ తెలియకుండా అయిపోతే చాలనుకున్న మనిషి సగం చదువు వైద్యుడికీ, చవక క్లినిక్‌కూ సులువుగా చిక్కుతుంది. వికటించాక ఫిర్యాదు చేయాలంటే ముందు తాను చేయించుకున్నానని పదిమందికీ చెప్పుకోవాలి. నీకిలా జరగాల్సిందే అనే మాట పడాలి. అందుకే చాలామంది నోరు మూసుకుంటారు. మోసగాళ్లకు ఇంతకన్నా గట్టి కాపలా ఏం కావాలి?

పీఐపీ ఉదంతమే చూడండి. ఈ ఫ్రెంచ్ కంపెనీ రొమ్ము ఇంప్లాంట్లలో వైద్యానికి అనుమతి లేని పారిశ్రామిక సిలికోన్ నింపుతోందని 2010లో బయటపడింది. అప్పటికే ఎన్నో దేశాల్లో సుమారు 3 లక్షల మంది మహిళలకు వాటిని అమర్చారు. కంపెనీ స్థాపకుడికి 2013లో నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. బాధితుల్లో క్యాన్సర్‌తో రొమ్ము పోయినవాళ్లున్నారు, అందం కోసం పెట్టించుకున్నవాళ్లున్నారు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఇంప్లాంట్లు తీయించుకునే ఖర్చు అందరికీ ఇచ్చింది. కొత్తవి పెట్టించుకోవడానికి మాత్రం క్యాన్సర్ వంటి కారణాలతో రొమ్ము నిర్మాణం చేయించుకున్నవాళ్లకే ఇచ్చింది. మోసం చేసిన కంపెనీ ఒకటే. లోపల నింపిన సిలికోన్ ఒకటే. అయినా మిగతావాళ్లు రెండోసారి కూడా తమ డబ్బే పెట్టుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే వాళ్లు కోరుకున్నది అందం.