వార్డులో అసలు మేష్టారు ఏడాది పెద్ద సీనియరే

2019లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చాక మెడికల్ కాలేజీల్లో లాగ్‌బుక్కులు, స్కిల్స్ ల్యాబులు, బొమ్మల మీద సాధన అంటూ హడావుడికి కొదవలేదు. రోగి పొట్ట మీద చెయ్యి ఎలా వెయ్యాలో నేర్పుతున్నది మాత్రం ఎప్పట్లాగే సీనియర్లు. బెంగళూరులో చదివే మన అనంతపురం, చిత్తూరు పిల్లల్ని అడగండి, చెబుతారు. ఈ పనికి టైంటేబుల్లో చోటు ఉండాలి, మార్కులూ ఉండాలి.

స్ప్లీన్ (పొట్టలో ఉండే ప్లీహం) సంగతే తీసుకోండి. అది ఎడమ పక్కటెముకల చాటున ఉంటుందని ఫస్టియర్లోనే బట్టీ పట్టాడు కాబట్టి కొత్త కుర్రాడు నేరుగా అక్కడే వేళ్లు గుచ్చుతాడు.

‘‘తగల్లేదన్నా.’’

‘‘నీ చెయ్యి దాని మీదే ఉంటే అంచు ఎట్లా తగుల్తాదిరా? కుడిపక్క కింద నుంచి రా. ఆయన్ని ఊపిరి పీల్చమను. నువ్వు పొడవొద్దు, దాన్నే నీ వేలి దగ్గరికి రానీ.’’

రోగితో ‘ఉసిరు ఎళ్కొళ్ళి’ (ఊపిరి పీల్చండి) అని కన్నడలో అనడమూ ఆ అన్నే నేర్పుతాడు, ముందు చేతులు రుద్ది వెచ్చబెట్టుకోమనీ చెబుతాడు. ముప్పయ్యేళ్లుగా స్ప్లీన్లు చూస్తున్న ప్రొఫెసర్‌కు అది అందని రోజులు గుర్తుండవు. నిరుడు అదే తప్పు చేసినవాడికి చెయ్యి ఎక్కడ దారి తప్పుతుందో బాగా తెలుసు. పైగా మూడోసారి అడిగినా పరువు పోదు. రాత్రి హాస్టల్లో ఒకరి ఛాతీ మీద ఒకరు వేలితో తట్టి చూసుకుంటేనే కదా, ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తి ఎలా మోగుతుందో తెలిసేది!

సీనియర్ తప్పు నేర్పితే అది తరతరాలకూ అంటుకుంటుందని కొందరు ప్రొఫెసర్ల అభ్యంతరం. నిజమే. ఎవరూ చూడకుండా నేర్పుకుంటున్నారు కాబట్టి ఇప్పుడు జరుగుతున్నదీ అదే. నేర్పబోయే సీనియర్ చేత ముందు ఒకసారి చేయించి చూస్తే సగం తప్పులు అక్కడే ఆగుతాయి.

అసలు అడ్డం మన పెంపకంలో ఉంది. ఇంటర్లో ర్యాంకుల వారీగా సెక్షన్లు కట్టి, పక్క బెంచీవాడికి డౌటు చెబితే నీ ర్యాంకు వాడికి పోతుందని నూరిపోసి పంపుతాం. ఎంబీబీఎస్‌లో చేరాక, పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ పరీక్ష భయం. అందులోని 200 ప్రశ్నల్లో ఒక్కదానికీ రోగిని ముట్టుకోనక్కర్లేదు. జూనియర్‌కు గంట ఇవ్వడమంటే ఆ గంట ర్యాంకులోంచి కోసుకోవడమే అనుకునే ఫైనలియర్ కుర్రాణ్ని ఏమనగలం? 2019 నాటి ఆ పాఠ్యప్రణాళిక కూడా వైద్యుడికి ఐదు పాత్రలు రాసింది. చికిత్స చేసేవాడు, బృందాన్ని నడిపేవాడు, రోగితో మాట్లాడగలిగేవాడు, జీవితాంతం నేర్చుకునేవాడు, వృత్తి ధర్మం తెలిసినవాడు. పక్కవాడికి నేర్పేవాడికి విడిగా పాత్ర లేదు.

ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో ఎక్స్‌టర్నల్ (బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్) ఒక జూనియర్‌ను పిలిచి, పరీక్ష రాసేవాడితో, ‘ఈ అమ్మాయికి లివర్ చూడటం నేర్పు’ అని పక్కన నిలబడాలి. పది మార్కులు పెట్టినా చాలు. అప్పుడు మన తల్లిదండ్రులే హాస్టల్‌కు ఫోన్ చేసి, ‘జూనియర్లకు ఏమైనా చెబుతున్నావా లేదా’ అని నిలదీస్తారు.