బురదకీ ఒక బ్యాంకు కావాలి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట అంతా వంజరం, రొయ్యల చుట్టూనే తిరుగుతుంది. వలకు అంటుకొచ్చిన బురదను ఎవరూ పట్టించుకోరు, నీళ్లు కొట్టి కడిగేస్తారు. అలాంటి బురదకే విలువ కట్టినవాళ్లు ప్రపంచంలో ఉన్నారు.

బహమాస్ దీవుల దగ్గర సముద్రం అడుగున తీసిన మట్టిలో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ శాస్త్రవేత్తలు విలియం ఫెనికల్, పాల్ జెన్సెన్‌లకు సాలినిస్పోరా అనే బ్యాక్టీరియా దొరికింది. దీనికి మంచినీళ్లు గిట్టవు, సముద్రపు నీళ్లు పోస్తేనే పెరుగుతుంది. అది తయారుచేసే సాలినోస్పోరమైడ్-ఏ అనే పదార్థం సంగతి 2003లో లోకానికి తెలిసింది. మన కణాల్లో పనికిరాని ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాసోమ్ అనే ఎంజైముల యంత్రం ఉంటుంది. ఈ పదార్థం దాని పళ్లకు అతుక్కుందంటే ఇక వదలదు. వీధిలోకి చెత్తబండి రావడం మానేస్తే ముందు ఇబ్బంది పడేది ఎక్కువ చెత్త పోగుచేసే ఇల్లే కదా. ప్రొటీన్లను ఆబగా తయారుచేసే క్యాన్సర్ కణం పరిస్థితీ అంతే.

ఇక్కడే ఒక నిజం చెప్పాలి. మారిజోమిబ్ పేరుతో మందుగా మారిన ఈ పదార్థాన్ని మెదడు క్యాన్సర్ రోగులపై మూడో దశ వరకూ పరీక్షించారు. ఆయుష్షు పెరగలేదు. పెట్రి డిష్‌లో క్యాన్సర్ కణాలు చచ్చాయని మన దగ్గర వచ్చే ప్రకటనలను మేము అనుమానంగా చూసేది అందుకే. గాజు పళ్లెంలో కణాలను చంపడానికి బ్లీచింగ్ పౌడర్ చాలు. అలాగని సముద్రం ఏమీ ఇవ్వలేదనీ కాదు. స్పాంజి అనే సముద్రజీవిలో దొరికిన రసాయనాలు చూపిన దారిలో తయారైన సైటరబిన్, డీఎన్‌ఏను అల్లే ఎంజైమును అడ్డుకుంటుంది. 1969లో అనుమతి పొందిన ఆ మందు ఇప్పటికీ రక్త క్యాన్సర్ వార్డుల్లో ఎక్కుతూనే ఉంది.

మరి విశాఖకు ఏం తక్కువ? ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పరవాడలో ఫార్మా సిటీ, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. నాలుగింటినీ ఒక్క రోజులో చుట్టి రావచ్చు. మట్టి తెచ్చేవారికీ, మందు చేసేవారికీ, రోగిని చూసేవారికీ మధ్య రోజువారీ రాకపోకలే కనబడవు.

మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధక విద్యార్థి ఏళ్ల తరబడి తీరం వెంట మట్టి సేకరించి, అందులోని వందల స్ట్రెయిన్లను, అంటే సూక్ష్మజీవుల రకాలను, వేరుచేసి, థీసిస్ సమర్పించి ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోతాడు. ఆ స్ట్రెయిన్లు ల్యాబ్ మూల ఉన్న ఫ్రీజర్‌లో మిగిలిపోతాయి. లేబుళ్లు చెరిగిపోతాయి. తర్వాత వచ్చిన అమ్మాయి మళ్లీ రుషికొండ మట్టితోనే మొదలుపెడుతుంది. పుణె, చండీగఢ్‌లలో సూక్ష్మజీవులను భద్రపరిచే జాతీయ కేంద్రాలు ఉన్నాయి కానీ, బంగాళాఖాతం సూక్ష్మజీవులను దాచుకునే బ్యాంకు బంగాళాఖాతం ఒడ్డునే ఉండాలని మా వాదన. పక్కనే ఉప్పునీటి ఫెర్మెంటేషన్‌కు, అంటే ఆ సూక్ష్మజీవులను ట్యాంకుల్లో పెంచడానికి, ఒక చిన్న యూనిట్ కూడా కావాలి. ఉప్పు స్టీలు ట్యాంకులను తినేస్తుంది గనుక మామూలు ఫార్మా ప్లాంటులో ఈ పని కష్టం.

బురదనూ కాపాడుకోవాలి. మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరినచోట సూక్ష్మజీవుల తీరే మారిపోతుంది. రేపు ఏదైనా మందు పుడితే, జీవవైవిధ్య చట్టం 2002 చెప్పే లాభాల పంపకంలో ఆ నీళ్ల మీదే బతికే మత్స్యకారుల వాటా ఎంతో ఒప్పందంలో ముందే రాసుకోవాలి. ఆనక బతిమాలుకునే పరిస్థితి రాకూడదు.

రాష్ట్ర ప్రభుత్వం వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. నగరంలోని ల్యాబుల్లో ఇప్పటికే ఉన్న స్ట్రెయిన్ల జాబితా రాయించి, ఆ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లకు జనరేటర్ పెట్టించాలి. వేసవి కరెంటు కోతలు మొదలయ్యేలోగా.