అమెరికా మాజీ సైనికుల వైకల్య శాతాల పట్టికకు ఒక విన్నపం

మహారాజశ్రీ ఉమ్మడి వైకల్య శాతాల పట్టిక గారి దివ్య సముఖానికి,

అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ నిబంధనల్లో 4.25 అనే సంఖ్య కింద తమరు కొలువై ఉన్నారు. సైనిక సేవలో వచ్చిన ఒక్కో జబ్బుకు శాఖ ఇచ్చే వైకల్య శాతాలను కలిపి, నెలనెలా పరిహారానికి ఆధారమయ్యే మొత్తాన్ని తేల్చడం తమ పని. తమ దర్బారులో 50కి 30 కలిపితే 80 కాదు, 65. దాన్ని దగ్గరి పదికి, అంటే 70కి, సవరించడం తమ ఔదార్యం. యుద్ధపు పీడకలలకు 50 శాతం ఇచ్చి మనిషిని సగం చేశాక, పార్శ్వనొప్పికి ఇచ్చే 30 శాతాన్ని ఆ మిగిలిన సగంలోంచే లెక్కకట్టడం తమ పద్ధతి. నూటికి నూరుకు మించి ఎవరికీ వైకల్యం ఉండదు గనుక ఇందులో తర్కం లేదని నేననను. ఆ తర్కం మనిషి దాకా వచ్చేసరికి ఏమవుతుందన్నదే నా సందేహం.

ఇప్పటికే 90 శాతం ఉన్న ఒకాయన నడుము పట్టేసి పరీక్షకు వెళ్ళాడనుకోండి. వైద్యుడు కోణమాని ఆనించి, ముందుకు వంగమని, అతడు 30 డిగ్రీల దగ్గరే ఆగిపోవడం చూసి, రాసుకుంటాడు. దానికి 40 శాతం. తమరు 90కి ఆ 40 కలిపి 94 చేసి, తిరిగి 90కి దించుతారు. ఆ 40 శాతం దస్త్రంలో ఉంది, ఒంట్లో ఉంది, నెలనెలా వచ్చే పరిహారంలో మాత్రం లేదు. (చెవుల్లో హోరు సంగతి ఇంకా సులువు: ఒక చెవిలో మోగినా రెండు చెవుల్లో మోగినా 10 శాతమే.)

ఉద్యోగం చేయలేని వారికి 100 శాతం స్థాయిలో పరిహారమిచ్చే దారి ఒకటుందని తమ పక్క గదిలోని 4.16 నిబంధన గారు సెలవిస్తారు. ఒకే వైకల్యం 60 శాతం ఉండాలి, లేదా మొత్తం 70 ఉండి అందులో ఒకటి 40కి తగ్గకూడదు. ఆపైన, ఆ జబ్బుల వల్లనే నిలకడైన ఉద్యోగం చేయలేకపోతున్నానని రుజువు చేసుకోవాలి. వయసు మీద పడిందన్న మాట అక్కడ చెల్లదు. సొంతవాళ్ళ కొట్లో దయతో కూర్చోబెట్టి ఇచ్చే పనిని నిజమైన ఉద్యోగంగా లెక్కించనక్కర్లేదని ఒప్పుకునేపాటి లోకజ్ఞానం ఆయనకుంది. ఆ మాత్రమైనా తమకు లేకపోవడమే విచారం.

ఎందుకంటే, వేర్వేరు కారణాలతో ఒంట్లో వేర్వేరు భాగాలు పదింటికి తలా 10 శాతం దెబ్బతిన్నవాడు తమ లెక్కలో 65కు చేరి, 70గా సవరింపబడి, తీరా 4.16 గారి గుమ్మం ముందు నిలబడితే, ఏ ఒక్కటీ 40 లేదన్న కారణంతో లోపలికి రానివ్వరు. ఇక అతని కాగితాలు ప్రత్యేక పరిశీలన కోసం పరిహార విభాగం డైరెక్టరు గారి దాకా ప్రయాణించాలి. పని ఇచ్చే యజమాని మాత్రం అతణ్ణి చూసిన మొదటి అయిదు నిమిషాల్లోనే ఏ పట్టికా తిరగేయకుండా తేల్చేస్తాడు.

ఇట్లు,
పది పదులు నూరని ఎక్కాల పుస్తకంలో చదువుకుని, ఇంకా నమ్ముతున్న
ఒక విధేయుడు